నాలుగో గడి

నేను ఒక రేకు క్లిప్పును. తీగ మీద ఆరేసిన బట్టలు గాలికి ఎగిరిపోకుండా పట్టుకునే జాతి. మీ బొటనవేలంత ఉంటాను. నోరు మూసుకుని ఉండడమే నా వృత్తి. మీలో చాలామందికి జీవితమంతా నేర్చుకున్నా రాని ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చింది. ఇప్పుడు స్ప్రింగు విరిగిపోయి నోరు తెరుచుకుని పడి ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు జారితే ఆ తప్పు నా మీద వేయకండి.

పట్నం శివార్లలో ఒక షెడ్డులో పాత నూనె డబ్బాల రేకు కత్తిరించి మమ్మల్ని చేశారు. నా లోపలి వైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ సగం అలాగే మిగిలిపోయింది. పన్నెండు మందిని ఒక అట్టకు గుచ్చి లారీ ఎక్కించారు. గోదావరికి దగ్గరలో ఉన్న ఒక బొగ్గు ఊరి అంగడిలో ఓదెలు భార్య మమ్మల్ని కొన్నది. ఎంతకు బేరం కుదిరిందో మాత్రం అడగకండి, నా పరువు పోతుంది.

ఓదెలు ఒకప్పుడు గనిలోకి దిగే మనిషి. గనిని అక్కడ బాయి అంటారు. ఒకనాడు పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు అతని కుడి పాదం మీదుగా పోయింది. మూడు వేళ్ళు పోయాయి. దిగే పని మాన్పించి బాయి మీదనే ల్యాంపు రూములో పెట్టారు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నెంబరున్న ఇత్తడి బిళ్ళను ఆ గది కిటికీలో ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. ఎవరి బిళ్ళ మేకుకు వేలాడుతుంటే వాళ్ళు ఇంకా భూమి కిందనే ఉన్నట్టు. దిగే వాళ్ళను చూడడం, వచ్చే వాళ్ళను చూడడం, ఓదెలు ఉద్యోగం అంతే. ఒకసారి లోపలి నుంచి కుంటుకుంటూ వచ్చినవాడు కదా, మేకుకు ఒక్క బిళ్ళ మిగిలినా అతనికి అన్నం దిగేది కాదు.

అతనికున్న ఒకే ఒక్క వ్యసనం పొద్దున మొదటి బస్సుకు వచ్చే పేపరు. అందులోనూ రాజకీయాలు అక్కర్లేదు, ఆటలు అక్కర్లేదు. ఏడో పేజీలో ఒక మూల నాలుగు గడుల్లో ‘తాతారావు - తాబేలు’ అని బొమ్మల కథ వచ్చేది. తాతారావు బక్కపలచని మనిషి, ప్రతిదానికీ తొందర. అతను పెంచుకునే తాబేలుకు దేనికీ తొందర లేదు. ఒకసారి తాబేలు ఎక్కడికి పోయినా తెలియాలని తాతారావు దాని మెడకు గంట కట్టాడు. గంట చప్పుడు వింటూ హాయిగా పడుకున్నాడు. మూడో గడిలోనూ గంట మోగుతూనే ఉంది. నాలుగో గడిలో చూస్తే గంట తాతారావు కాలి బొటనవేలికే కట్టి ఉంది, తాబేలు ఊరవతల గడ్డి మేస్తోంది. ఇలాంటివి. పెద్ద గొప్పవేమీ కావు. కానీ పొద్దున ఏడింటి డ్యూటీకి దిగబోయే మనిషికి గొప్ప నవ్వు అక్కర్లేదు, చిన్నదైతే చాలు, తలకాయలో పట్టుకుని పోవడానికి తేలిక.

ఓదెలు ఆ ముక్కను కత్తిరించి కిటికీ తలుపుకు మెతుకులతో అంటించేవాడు. వరసలో నిలబడ్డవాళ్ళు చూసి, నవ్వుకుని, దీపం తీసుకుని పోయేవాళ్ళు. ఒక వానాకాలం పొద్దున రాజలింగు అనేవాడు తడిచేత్తో కాగితాన్ని తాకాడు. నాలుగో గడి అతని అరచేతికే అంటుకుని మెత్తని ముద్దయిపోయింది. మిగిలినవాళ్ళు మూడు గడులే చూసి దిగారు. ఆ రోజు లోపల బొగ్గు పనికంటే వాదన పని ఎక్కువ జరిగిందట. తాతారావు ఏం చేసి ఉంటాడు, తాబేలు ఏం చేసి ఉంటుంది, ఓడినవాడు చాయ తాగించాలి. పైకి రాగానే స్నానాలకు కూడా పోకుండా కిటికీ మీద పడ్డారు. ఓదెలు కుంటుకుంటూ మేనేజరు ఆఫీసుకు పోయి అక్కడి పేపరు బతిమాలి తెచ్చాడు. అప్పటిదాకా ఏనాడూ పైకి వచ్చాక మాట్లాడే ఓపిక లేక మూగగా వచ్చిపోయే ఆ నల్లని మొహాల్లో పళ్ళు తెల్లగా మెరవడం అతను మొదటిసారి చూశాడు. ఇంటికి పోయేదాకా వాళ్ళ నవ్వు ఆగలేదు.

ఆ మరునాడే ఓదెలు నన్ను తీగ మీద నుంచి తీసి జేబులో వేసుకున్నాడు. బొమ్మల ముక్కను అట్ట మీద పెట్టి, నాలుగో గడిని వెనక్కి మడిచి, నన్ను పెట్టి బిగించాడు. దీపం ఇచ్చి బిళ్ళ తీసుకున్నవాళ్ళకే నాలుగో గడి. అదీ నియమం. ఓదెలు తనకూ అదే నియమం పెట్టుకున్నాడు. చూడకుండానే కత్తిరించి, చూడకుండానే మడిచేవాడు. అందరూ పైకి వచ్చాకే అందరితో పాటు చూసేవాడు. కొత్త ఉద్యోగం వస్తే ఊరంతా చెప్పుకునే మీలాగే, తీగ మీద మిగిలిన నా పదకొండు మంది తోబుట్టువుల ముందు నేనూ కాస్త మిడిసిపడ్డాను. లంగాలు, లుంగీలు పట్టుకునే నోట్లో నలభై మంది నవ్వు పెట్టారు మరి.

రెండేళ్ళు గడిచేసరికి నియమం నమ్మకం అయింది. నాలుగో గడి చూడని మనిషిని బాయి ఉంచుకోదు, పైకి పంపి తీరుతుంది అన్నారు. మనుషులు ఇంతే. సరదాగా మొదలుపెట్టిన దానికి నాలుగు రోజుల్లో పసుపు కుంకుమ పెడతారు. కొత్తగా చేరినవాళ్ళు దిగే ముందు నన్ను వేలితో తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. నూనె డబ్బా రేకుకు అంతటి భాగ్యం! ఆ రెండేళ్ళలో చిన్నచిన్న దెబ్బలు తప్ప ఎవరి బిళ్ళా మేకు మీద మిగిలిపోలేదు. అందుకని ఓదెలు కూడా నమ్మాడు.

ఇక మొగిలి సంగతి చెప్పాలి. లోపల పైకప్పు కూలకుండా కర్రమొద్దులు నిలబెట్టడం అతని పని. అతని భార్య సారమ్మదీ ఓదెలుదీ ఒకే ఊరు. ఆ ఊరి వరసన ఆమె ఓదెలును అన్నా అనేది, మొగిలి బావా అనేవాడు. బావ అన్నాక పరాచికాలు తప్పవు. కిటికీ దగ్గర ఓదెలు కుంటి కాలు మీద జోకు వేయకుండా మొగిలి ఒక్కనాడూ దీపం తీసుకోలేదు. మొగిలికి చదువు రాదు. బొమ్మలు చదవడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. తాబేలు కనుబొమ్మ కొంచెం ఎత్తితే ఎందుకు ఎత్తిందో అందరికంటే ముందు అతనే పట్టేవాడు. సాయంత్రం ఇంటికి పోయి ఆ నాలుగు గడులూ సారమ్మకు ఆడి చూపించేవాడట. మెడ భుజాల్లోకి లాక్కుని తాబేలవుతాడట, గొడుగు కర్ర పట్టుకుని తాతారావవుతాడట. పిల్లలు లేని ఆ ఇంట్లో పొద్దుగూకే వేళ నవ్వు ఆ పేపరు ముక్కదే. ఇదంతా సారమ్మ తర్వాత చెప్తేనే నాకు తెలిసింది.

ఒక ఎండాకాలం సారమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. పది రోజులు ఊళ్ళోని ఆసుపత్రిలో ఉంచి, తగ్గకపోయేసరికి జిల్లా ఆసుపత్రికి పంపుతామన్నారు. మధ్యాహ్నం మూడున్నరకు ఆసుపత్రి బండి. మొగిలి సెలవులన్నీ అంతకు ముందే అయిపోయాయి. మూడింటికి పైకి వచ్చి పరుగెత్తితే బండి అందుతుంది. ఆ పొద్దున వరసలో అందరినీ ముందుకు పోనిచ్చి చివర నిలబడ్డాడు.

“బావా, ఇయ్యాల నాకు ముందుగాల సూపియ్యి,” అన్నాడు. “పైకి రాంగనే ఉరుకుడే. కిటికీ కాడ నిలవడితె బండి పోతది.”

ఓదెలు ఒప్పుకోలేదు. పైకి వచ్చాక కాగితమే చేతికిస్తాను, పట్టుకుపొమ్మన్నాడు. మిగిలిన నలభై మంది తన్ని చంపుతారని మొగిలి నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు.

“నా కోసం గాదు. దారి పొడుగునా దానికి నేనేం జెప్పాలె? రోగం ముచ్చట్లు జెప్పుకుంట పోవాల్నా? నీ చెల్లె కోసమే అడుగుతున్న.”

ఓదెలు నా వైపు చూశాడు. తర్వాత అట్టను కిటికీలోంచి బయటికి తోసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

“సూడు. నాకు జెప్పకు. లోపల ఎవ్వలకు జెప్పకు.”

మొగిలి వేళ్ళు కాయలు కాసి మొరటుగా ఉన్నాయి. వాటితో ఎంతో నెమ్మదిగా నన్ను నొక్కి నోరు తెరిపించాడు. మడత విప్పాడు. ఆ రోజు కథ ఇది. మొదటి గడిలో తాతారావు బస్సు కోసం ఉరుకుతూ, గొడుగు మరిచాను తీసుకురా అని తాబేలుకు కేక వేస్తాడు. రెండో గడిలో బస్టాపులో నిలబడి దారి చూస్తుంటాడు, పైన మబ్బులు. మూడో గడిలో కుండపోత వాన, బస్సు వెళ్ళిపోయింది, తాతారావు తడిసి ముద్దయ్యాడు, తాబేలు జాడ లేదు. నాలుగోది మొగిలి ఒక్కడే చూశాడు. గట్టిగా నవ్వలేదు, భుజాలు మాత్రం కదిలాయి. మళ్ళీ మడిచి, నన్ను ఎక్కడ ఉన్నానో సరిగ్గా అక్కడే పెట్టాడు.

“నీకు బాగ నచ్చుతది బావా,” అని దీపం తీసుకుని పోయాడు.

పన్నెండు దాటాక సైరన్ మోగింది. లోపల బండ పడ్డది అన్నారు. మొద్దులు నిలబెట్టే చోటే కప్పు కూలింది. ఒక్కొక్కరే పైకి వచ్చి దీపాలిచ్చి బిళ్ళలు తీసుకున్నారు. ఎవరూ నాలుగో గడి అడగలేదు. ఓదెలు మేకుల వరస చూస్తూ నిలబడ్డాడు. చివరికి మొగిలి నెంబరు, మూడు వందల పద్దెనిమిది, ఒక్కటే మిగిలింది. మొగిలిని మరునాటి మధ్యాహ్నం పైకి తెచ్చారు. ఆ బిళ్ళను ఆఫీసు వాళ్ళు కాగితాల కోసం తీసుకుపోయేదాకా ఓదెలు ఎవరినీ ముట్టనివ్వలేదు.

ముందే చూశాడు, అందుకే పోయాడు అని బాయి మీద గుసగుసలు మొదలయ్యాయి. ఓదెలు ముఖం మీద అన్నవాళ్ళు లేరు, కానీ కిటికీలో బిళ్ళ ఇస్తూ కళ్ళు కలపడం మానేశారు. బండరాయికి బొమ్మల కథలు తెలుసా చెప్పండి? ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు అని చూసుకుని పడుతుందా? కానీ నేను క్లిప్పును, నా మాట ఎవరు వింటారు. ఓదెలు మాత్రం పూర్తిగా నమ్మాడు. తన చేత్తోనే చంపానని నమ్మాడు. ఆ కాగితాన్ని మడత విప్పకుండా, నన్ను ఊడదీయకుండా, బీరువా పై అరలో దీపాల బ్యాటరీల్లో పోసే ఆసిడ్ సీసాల వెనక పెట్టేశాడు. బొమ్మలు కత్తిరించడం మానేశాడు. మళ్ళీ పెట్టమని కొన్ని నెలల తర్వాత ఎవరో అడిగితే ఆ కథ పేపర్లో రావడం లేదన్నాడు. అప్పటికి వస్తూనే ఉంది. తర్వాత నిజంగానే ఆగిపోయింది.

సారమ్మ కోలుకుంది. మొగిలి పోయినందుకు ఆమెకు ఒక ఆఫీసులో మంచినీళ్ళు అందించే కొలువు ఇచ్చారు. ఆ తర్వాత ఒకరోజు ల్యాంపు రూము కిటికీ దగ్గరికి వచ్చింది. మూడు గడుల కథ రాజలింగు ఆమెకు చెప్పాడు. నాకు తెలుసు, మీకు చెప్పను, పైకి పోయినంక సూడుండ్రి అని మొగిలి లోపల పొద్దంతా అందరినీ ఊరించాడని కూడా చెప్పాడు.

“అన్నా, తాబేలు వచ్చిందా?” అని అడిగింది సారమ్మ.

ఓదెలు తలెత్తలేదు. కాయితం పోయింది చెల్లె అన్నాడు. బీరువాలో నేను విన్నాను. మరో నెలకు మళ్ళీ వచ్చి అదే అడిగింది, అదే జవాబు విన్నది. మూడోసారి వచ్చి ఏమీ అడగకుండా కిటికీ తలుపు మీద పాత మెతుకుల మరకలు చూసి వెళ్ళిపోయింది. ఆ ఒక్క రోజు కథ తప్ప మొగిలి ఆమెకు చెప్పని కథ లేదు. ఆమెకు కావలసింది అదే. ఆ నాటి పేపర్లు, ఆఫీసులోవి కూడా, ఎప్పుడో చిత్తుకు పోయాయి. తన కొలువు గురించి గాని, నష్టపరిహారం గురించి గాని ఆమె ఏనాడూ ఇన్నిసార్లు ఎవరినీ అడిగి ఉండదు.

బీరువాలో నేను పదకొండేళ్ళు ఉన్నాను. ఆసిడ్ ఆవిరి మాలాంటి వాళ్ళకు క్షయరోగం వంటిది. మొదట పొద్దుతిరుగుడు పువ్వు పోయింది. తర్వాత నా పళ్ళు తుప్పు పట్టాయి. ఆ తుప్పు మెల్లగా కాగితంలోకి దిగింది. వదలకుండా పట్టుకోవడం ఒక్కటే నేర్చుకున్నవాణ్ణి, పట్టుకున్న దాన్నే తింటున్నానని తెలిసి కూడా వదలలేకపోయాను. నాకు ఏడుపు రాదు. వస్తే అప్పుడే వచ్చి ఉండేది.

ఓదెలు రిటైరైన రోజు పూలదండ వేసి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పారు. అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. నవ్వులు కూడా ఇప్పుడు ఆ ఫోన్లలోనే వస్తాయట, క్షణానికొకటి, దాచిపెట్టేవాడు ఎవడూ లేడట. జనం వెళ్ళిపోయాక ఓదెలు బీరువా తెరిచి, నన్నూ కాగితాన్నీ రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు పొద్దు వాలే వేళకు సారమ్మ ఉండే క్వార్టరుకు పోయాడు. పదకొండేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆమె కుర్చీ వేసింది, చాయ పెట్టింది. అతను ముట్టుకోలేదు.

“చెల్లె, నేను నీకు అబద్ధం జెప్పిన. కాయితం పోలేదు. నా తాననే ఉన్నది,” అన్నాడు. తర్వాత ఆ పొద్దున జరిగినదంతా మొదటి నుంచి చెప్పాడు. మొగిలి ఎందుకు అడిగాడో, తాను ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పాడు. “నేను సూపియ్యకుంటె ఆడు వచ్చేటోడు,” అని ముగించాడు.

సారమ్మ కొంగు అంచు మడతపెడుతూ వింది.

“నా కోసమే సూసిండు గదన్నా,” అన్నది చివరికి. “నువ్వు సూపిచ్చుడు తప్పయితె, నేను మంచాన పడుడు గూడ తప్పే. అట్లనా మరి?”

పదకొండేళ్ళుగా ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న బరువు కింద ఇంకొకరి భుజం కూడా ఉందని ఓదెలుకు ఆ రోజే తెలిసింది.

“తియ్యి, సూద్దాం,” అన్నది ఆమె.

అతను రుమాలు విప్పి నన్ను నొక్కాడు. నేను తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాడు. స్ప్రింగు టక్కున విరిగి నా ఒక రెక్క ఊడి నేల మీద పడింది. కాగితం మడత దగ్గర చిట్లి గోధుమరంగు పొడి రాలింది. మొదటి మూడు గడులు పచ్చబడి ఉన్నా కనిపిస్తున్నాయి. గొడుగు, మబ్బులు, వాన అన్నీ ఉన్నాయి. నాలుగో గడి ఉండవలసిన చోట నా పళ్ళ గుర్తులు, తుప్పు మరక, నడుమ ఒక చిల్లు. అందులోంచి ఓదెలుకు వెనక అడ్డంగా ఉన్న తన వేలు కనిపించింది.

సారమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకు కాగితం వెనకవైపే కనిపిస్తోంది, అక్కడ ఏదో సిమెంటు ప్రకటన.

“తాబేలు వచ్చిందా అన్నా?”

ఓదెలు చిల్లుకు అడ్డంగా ఉన్న ఆ వేలు తీయలేదు.

“వచ్చింది,” అన్నాడు.

“గొడుగు తెచ్చిందా?”

“తెచ్చింది చెల్లె. జర ఆలస్యమైంది.”

“గప్పటికి వాన ఎలిసిపోయి ఉంటది.” ఆమె కళ్ళు సగం మూసుకుంది. “తాతారావు ఆడనే నిలవడి ఉన్నడా?”

“ఆడనే ఉన్నడు.”

సారమ్మ పెదవి ఒక వైపు కదిలింది.

“అయితే ఎండ కొడుతుంటది. గొడుగు ఎండకు పట్టుకోని ఉంటడు,” అన్నది. అని నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, మెడ భుజాల్లోకి లాక్కుని మొగిలి ఇట్ల జేసేటోడన్నా అని చూపించి నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. ఓదెలు కూడా నవ్వబోయాడు, అతనికి చేతకాలేదు. కాగితం మడిచి కుర్చీ మీద పెట్టి, వస్త చెల్లె అని లేచాడు. చాయ చల్లారిపోయి అలాగే ఉంది.

నాలుగో గడిలో ఉన్నది అదే. నేను పదకొండేళ్ళు నోట్లో పెట్టుకున్నవాణ్ణి, నాకు తెలియదా? మండుటెండ. అదే బస్టాపు. తాతారావుకు గడ్డం మోకాళ్ళ దాకా పెరిగింది, తల మీద పిచ్చుక గూడు పెట్టింది. చెమటలు కక్కుతూ తాబేలు గొడుగు అందిస్తోంది. తాతారావు దాన్ని ఎండకు పట్టుకుని, సమయానికి తెచ్చావురా అంటున్నాడు.

అతను వెళ్ళాక సారమ్మ కాగితం విప్పి చూసింది. చిల్లులో వేలు పెట్టింది. తనను ఓదార్చడానికే ఓదెలు అబద్ధం చెప్పాడని ఆమెకు ఆ క్షణమే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. కాగితాన్ని మొగిలి ఫోటో వెనక దోపింది. నేల మీది నా ముక్కలు ఏరి కిటికీలో మేకుల డబ్బాలో వేసింది. ఓదెలు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. మరుసటి వానలు పడకముందే పోయాడు. చావు కబురు చెప్పడానికి రాజలింగు వచ్చాడు. సారమ్మకు రెండు అబద్ధాలు చెప్పిన అని చివరి రోజుల్లో ఒకటే మాట అంటుండేవాడట, అదేమిటో తమకు ఎవరికీ అర్థం కాలేదట. సారమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడి, నాకు తెలుసు అని మాత్రం అన్నది.

ఆమెకు తెలియదు. అతనికీ తెలియకుండానే పోయింది. రెండో దాంట్లో అబద్ధం లేదు. మీతో ఇంత చెప్పినవాణ్ణి, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న ఆమెతో ఆ ఒక్క మాట చెప్పలేకపోతున్నాను. పాత ఇనుము కొనేవాడు ఈ వీధికి వారానికోసారి వస్తాడు. అతను డబ్బా ఎత్తుకుపోయేదాకా, నోరు తెరుచుకునే, ఆమె వైపు చూస్తూ ఉంటాను.